లివర్ దగ్గర ఎవరుండాలి?

2024 జూన్, తొలి వానలు పడుతున్న రోజులు. వ్యవసాయ యంత్రాలు అమ్మి, వాటికి సర్వీస్ చేసే ఒక డీలర్ దగ్గర నేను సర్వీస్ ఇంజనీరుగా చేరి అప్పటికి రెండో ఏడు నడుస్తోంది. మా వర్క్‌షాపు చందానగర్‌లో ముంబై హైవే పక్కన ఉంది. పొలాల్లో తిరగాల్సిన మెషిన్ల కోసం నేను ఎక్కువగా వెళ్లేది మాత్రం కోకాపేట, కొండాపూర్ వైపు ఉన్న అద్దాల భవనాల మధ్యకే అంటే మా బంధువుల్లో చాలామంది ఇప్పటికీ నమ్మరు. ఈ ఐటీ కారిడార్‌లో ఒక్కో క్యాంపస్‌కు ఎకరాల కొద్దీ పచ్చిక ఉంటుంది. పచ్చికకు కోత కావాలి, ఎరువు కావాలి, మట్టి కావాలి. ఆ పనులకు వచ్చే మెషిన్లు పొలంలో వాడేవాటి తోబుట్టువులే. ఉద్యోగులు భోజనం తర్వాత నడిచే లాన్ల వెనుక, జనరేటర్ల షెడ్డు పక్కన ఎవరి కంటా పడని ఒక యార్డు ఉంటుంది. నా ఉద్యోగం ఆ యార్డుల్లో సాగుతుంది.

కోకాపేటలోని ఒక క్యాంపస్ నుంచి ఆ వారం ఫిర్యాదు వచ్చింది. కంపోస్ట్ స్ప్రెడర్‌లో డ్రైవ్ చైన్ మళ్లీ తెగింది, కొత్తది వేశారు, అది కూడా చప్పుడు చేస్తోంది, ఎవరైనా వచ్చి టెన్షన్ సరిచేయాలి అని సారాంశం. టెన్షన్ అంటే చైన్ ఎంత బిగువుగా ఉండాలి, ఎంత వదులుగా ఉండాలి అన్న లెక్క.

ఇక్కడ ఆ మెషిన్ గురించి రెండు మాటలు చెప్పాలి. స్ప్రెడర్ అంటే ట్రాక్టర్ వెనుక కట్టే ఒక పెట్టె. దాని అడుగున కదిలే నేల ఉంటుంది. ఆ నేల కంపోస్టును మెల్లగా వెనక్కి నెడితే, వెనుక తిరిగే బ్రష్ దాన్ని పచ్చిక మీద పలుచగా చల్లుతుంది. నేలను కదిపేది హైడ్రాలిక్ మోటారు. ట్రాక్టర్ పంపు ఒత్తిడితో పంపే ఆయిల్ ఈ మోటారును తిప్పుతుంది. మోటారు మీది చిన్న పళ్లచక్రం నుంచి నేల షాఫ్టు మీది పెద్ద పళ్లచక్రానికి చైన్ వెళుతుంది. ఈ చక్రాలను స్ప్రాకెట్లు అంటాం. సైకిల్ చైన్ చూసినవారికి ఇది కొత్త కాదు. తేడా ఒక్కటే. సైకిల్ తొక్కడం ఆపితే చైన్‌లో బలం ఉండదు. ఇక్కడ ఇంజన్ ఆపిన తర్వాత కూడా పైపుల్లో ఆయిల్ ఒత్తిడి చిక్కుకుని ఉండవచ్చు. ఆగిన చైన్ నిద్రపోయిన చైన్ కాదు. ఈ ఒక్క విషయం చుట్టూనే ఆ రోజు కథంతా నడిచింది.

నేను వెళ్లేసరికి లాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టర్ సుబ్బారెడ్డి గారు యార్డులో నిలబడి ఉన్నారు. కడప జిల్లా మనిషి. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు, ఓపిక మాత్రం తక్కువ. ట్రాక్టర్ ఆపరేటర్ మల్లేశ్ స్ప్రెడర్ పక్కన స్పానర్లు పరిచి కూర్చున్నాడు. స్ప్రెడర్ నిండా తడి కంపోస్టు ఉంది.

"ఏమ్మా, నిన్ననే వస్తానన్నారు గదా? వాన పడకముందే ఆ ముందర లాన్‌కంతా ఎరువు చల్లాల. చైన్ బిగించి ఇచ్చేస్తే నా పని నేను జూసుకుంటా," అన్నారు సుబ్బారెడ్డి గారు.

"చూస్తానండీ. పాత చైన్ ఉందా?"

మల్లేశ్ ఒక గోనెసంచిలోంచి తీసి ఇచ్చాడు. లింకులు ఒకచోట మామూలుగా, మరొకచోట సాగి ఉన్నాయి. వదులుగా ఉండి పళ్లమీద ఎగిరి తెగిన చైన్ అలా ఉండదు. అది మరీ బిగించినందువల్ల తెగిన చైన్.

అప్పుడే ఇంకో సంగతి గమనించాను. మల్లేశ్ ఎడమచేతికి గ్లవ్ ఉంది, కుడిచేతికి లేదు.

"రెండోది ఏమైందండీ?"

"రెండోదా మేడం? చైన్ తిన్నది," అని నవ్వాడు. "పోయిన వారం. గ్లవ్వే పోయింది, చెయ్యి పైలంగనే ఉంది. ఫికర్ లేదు."

సుబ్బారెడ్డి గారు అతనివైపు తిరిగారు. ఈ సంగతి ఆయనకు తెలియదని ఆ చూపులోనే అర్థమైంది.

"మీరు రోజూ టెన్షన్ ఎలా సరిచేస్తారో నాకొకసారి చూపించండి," అన్నాను. తప్పు పట్టడానికి అలా అడగలేదు. మా పనిలో మెషిన్ చూసేముందు పద్ధతి చూడాలి. పద్ధతి మారకపోతే నేను ఎంత బాగా బిగించి వెళ్లినా ఆ చైన్ మళ్లీ తెగుతుంది.

మల్లేశ్ లేచి, యార్డు గోడ అవతల పూలమొక్కలు నాటుతున్నవాళ్ల వైపు చూసి కేకేశాడు. "ఓ అనితా! జర ఇటు రాయే!"

ముప్పై దాటని ఒక స్త్రీ వచ్చింది. చేతులకున్న మట్టిని నల్లా కింద కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఒక్క మాటైనా అడగకుండా ట్రాక్టర్ సీటెక్కింది. ఆమె మల్లేశ్ భార్య. ట్రాక్టర్ స్టార్ట్ చేసి, మోటారుకు ఆయిల్‌ను వదిలే, ఆపే హైడ్రాలిక్ లివర్ మీద చెయ్యి వేసి, మెడ తిప్పి భర్త ముఖంలోకి చూస్తూ కూర్చుంది. మల్లేశ్ అప్పటికే చైన్ మీది కవరు విప్పేశాడు. గ్లవ్ లేని చెయ్యి చైన్ మీద పెట్టి, "జరంత పెట్టు... ఆగు. ఇంకింత... ఆగు," అంటున్నాడు. అతను చెప్పినప్పుడల్లా ఆమె లివర్‌ను అంగుళం కదిపి వదులుతోంది. చైన్ ఒక్కొక్క పన్ను జరుగుతోంది. దాని మీద అతని వేళ్లు ఉన్నాయి.

"ఇంజన్ ఆపండి!" అన్నాను. నా గొంతు నేననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది.

మల్లేశ్ తలెత్తేలోగానే అనిత తాళం తిప్పేసింది. ఎవరైనా ఆ మాట చెప్పాలని ఎదురుచూస్తున్నట్టు ఉంది ఆ వేగం. అప్పటికి నేను దాన్ని పట్టించుకోలేదు.

ఆ రోజు తర్వాత మరికొన్ని క్యాంపస్‌లలో వాకబు చేస్తే ఇది ఒక్క మల్లేశ్ పద్ధతి కాదని తెలిసింది. చైన్‌ను తిప్పుతూ బిగించాల్సి వచ్చినప్పుడు, చెయ్యి లోపల పెట్టే మనిషే లివర్ దగ్గర ఎవరుండాలో ఎంచుకుంటాడు. తమ్ముడు, బావమరిది, లేదా భార్య. ఎంత దగ్గరివారైతే అంత భద్రమని వాళ్ల నమ్మకం.

"ఇంజన్ నడుస్తుంటే చైన్ మీద చెయ్యి పెట్టకూడదు మల్లేశ్ గారూ," అన్నాను.

"అట్లంటే ఎట్ల మేడం?" మల్లేశ్ కోపగించుకోలేదు, నిజంగానే అడిగాడు. "చైన్ అంతట ఒక్కతీరు ఉండది. ఒకకాడ లూజు, ఒకకాడ టైటు. తిప్పి సూడకుంటె టైటు ఏడుందో ఎట్ల తెలుస్తది? తిప్పాల్నంటె ఆయిల్ రావాలె. ఆయిల్ రావాల్నంటె ఇంజన్ నడ్వాలె. ఇగ ఇంజన్ బంద్ జేసి బిగించుమంటె, కండ్లు మూసుకొని బిగించినట్టే."

కాలేజీలో మాకు డిబేట్ నేర్పిన లెక్చరర్ ఒక నియమం పెట్టారు. ఎదుటివారి వాదాన్ని వారికన్నా బాగా చెప్పగలిగిన తర్వాతే దాన్ని ఖండించే హక్కు వస్తుంది. మల్లేశ్ వాదాన్ని నేను అంతకన్నా బాగా చెప్పలేను. అతను చెప్పింది నిజం. ఏ చైనూ అంతటా సమానంగా అరగదు. ఏ స్ప్రాకెటూ ఎప్పటికీ గుండ్రంగా ఉండదు. చైన్ పూర్తిగా ఒక చుట్టు తిరిగేలోపు ఎక్కడో ఒకచోట బాగా బిగుసుకుంటుంది. దాన్ని టైట్ స్పాట్ అంటాం. టెన్షన్ అక్కడే కొలవాలి. వదులుగా ఉన్నచోట కొలిచి బిగిస్తే, టైట్ స్పాట్ వచ్చినప్పుడల్లా చైన్ సాగుతుంది, చివరకు తెగుతుంది. అంటే చూడటానికి కదలాలి, ముట్టుకోవడానికి ఆగాలి. ఈ రెండూ ఒకేసారి కుదరవు.

"మీరు చెప్పింది ఒప్పుకుంటాను. తిప్పాలి. ఇంజన్‌తోనే ఎందుకు తిప్పాలి? షాఫ్టుకు స్పానర్ పెట్టి చేత్తో తిప్పవచ్చు కదా?"

"లోడు మీదుంది గద మేడం. గింత కంపోస్టు ఉంటె నలుగురు పట్టినా తిరగది."

"అయితే లోడు దించి చేయండి."

మల్లేశ్ సుబ్బారెడ్డి గారివైపు చూశాడు.

"యాడ దించేదమ్మా?" అన్నారు ఆయన. "ఇంతకుముందు ఒకసారి ఆ రాళ్ల మీద కుప్ప బోసినారు. పైనుంచి, ఏడో అంతస్తో ఎనిమిదో అంతస్తో, ఎవరో ఫోటో తీసి మెయిల్ పెట్టినారు. క్యాంపస్‌లో పేడ కుప్పలేంది అని. ఆ రోజు ఈ క్యాంపస్ బాగోగులు చూసే ఫెసిలిటీస్ వాళ్లు నన్ను నిలబెట్టి కడిగేసినారు. అప్పటినుంచి రూలు. ఎరువు బండిలో ఉండాల, లేదా లాన్ మీద ఉండాల. నేలమీద కనపడకూడదు."

ఇదీ అసలు ముడి. మెషిన్‌లో లోపం లేదని నేననను, ఉంది. అయితే ఒక మనిషి వేళ్లు కదిలే చైన్ మీదకు ఎందుకు వెళ్లాయో తెలుసుకోవాలంటే, ఎనిమిదో అంతస్తు అద్దం దాకా వెళ్లాల్సి వచ్చింది. అద్దం అవతల కూర్చున్నవారికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. తెలిస్తే ఆ ఫోటో తీసేవారు కాదేమో.

"లోడు దించకుండా నేను ఈ చైన్‌ను ముట్టుకోనండీ," అన్నాను. "నేను ముట్టుకోనిదాన్ని మల్లేశ్ గారిని ముట్టుకోమని చెప్పలేను."

"ఏందమ్మా, నువ్వు చైన్ బిగించేదానికి వచ్చినావా, కోర్టు పెట్టేదానికి వచ్చినావా?" అన్నారు సుబ్బారెడ్డి గారు. "ఆకాశం చూడు, ఎట్ల మబ్బు పట్టిందో. ఇన్నాళ్లు ఇట్లనే చేసినారు గదా. వానికి లేని భయం నీకెందుకు తల్లీ?"

"భయమేముంది సార్?" మల్లేశ్ నవ్వాడు. "లివర్ కాడ మా అనిత ఉంటది. గీ పోరగాండ్లను పెడ్తె ఫోన్ సూస్తరు. ఆమె నా మొఖం తప్ప ఇంకోటి సూడది. పెండ్లయినకాడికెల్లి అదే పని." యార్డులో ఉన్న ఒకరిద్దరు నవ్వారు.

"గ్లవ్ పోయిన రోజు లివర్ దగ్గర ఎవరున్నారు?" అని అడిగాను.

ఆ ప్రశ్నను నేను వాదం కోసమే అడిగాను. జవాబు ఏ నోటినుంచి వస్తుందో ఊహించలేదు.

"నేనే ఉన్న," అంది అనిత.

ఆమె ఇంకా ట్రాక్టర్ సీటు మీదే ఉంది. చెయ్యి మాత్రం లివర్ మీద లేదు, ఒళ్లో ఉంది.

"ఆయన ఆగు అన్నడు. నేను ఆపిన. లివర్ నడిమిట్లకు తెచ్చిన. మేడం, నేను ఆపినంక గూడ చైన్ జరిగింది. గ్లవ్వు లోపలికి గుంజుకుంది. ఆయన చెయ్యి ఎనకకు గుంజుకున్నడు." ఆమె ఆగింది. "ఆపింది లేటయిందేమో అని అప్పటిసంది నాకు నిద్ర పడ్తలేదు."

"అరె, జోకు చేసిన గదనే," అన్నాడు మల్లేశ్. "మొగుని చెయ్యి కొరికినవు అని ఊకె అన్న."

"నువ్వు జోకు చేసినవు. పొద్దంత అదే జోకు. నీ చెయ్యి గా చైన్ల పెట్టినప్పుడల్ల నా చెయ్యి వణుకుతది. వణికే చేతితోని లివర్ పట్టుకుంట. గది నీకు కనవడ్తదా?"



మా అమ్మ నర్సు. యంత్రాల్లో నలిగిన చేతులు ఆమె వార్డుకు చాలా వచ్చాయి. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉంటారని ఆమె చెప్పేది. ఒకరు ఆ మనిషి తాలూకు కుటుంబం. రెండోవారు ఆ సమయంలో స్విచ్ వేసినవారు. ఆ రెండోవారికి మంచినీళ్లు కూడా ఎవరూ ఇవ్వరనేది. ఇక్కడ ఆ ఇద్దరూ ఒకే మనిషి అయ్యేవారు.

"అనిత గారూ, మీరు ఆలస్యం చేయలేదు," అన్నాను. ఓదార్చడానికి అన్న మాట కాదు. అది ఎలాగో చెప్పవలసిన బాధ్యత నాకుంది కనుక దిగి రమ్మని, స్ప్రెడర్ దగ్గర చూపించాను. లోడు మీద ఉన్నప్పుడు మోటారు ఒకవైపు లాగుతుంది, బరువు దాన్ని ఎదిరిస్తుంది. చైన్ ఆ రెండింటి మధ్య విల్లు తాడులా బిగుసుకుంటుంది. లివర్‌ను మధ్యకు తెచ్చినప్పుడు కొత్త ఆయిల్ రావడం ఆగుతుంది. అప్పటికే బిగుసుకుని ఉన్న బలం ఎటూ పోదు. అది మోటారులోంచి కొద్దికొద్దిగా ఆయిల్‌ను వెనక్కి నెట్టుకుంటూ చైన్‌ను ఒక పన్నో, అర పన్నో జరుపుతుంది. లివర్ దగ్గర ఎవరున్నా, ఎంత త్వరగా ఆపినా, అది జరిగి తీరుతుంది.

"మీరు చేయాల్సినది సరిగ్గానే చేశారు. చైన్ అయినా జరిగింది. మీ ఆయన నమ్మినది మిమ్మల్ని. చైన్ మాత్రం మీ మాట వినదు."

"అంటే నేను లేటు చెయ్యలే?"

"చేయలేదండీ."

ఆమె ఆ మాట మళ్లీ చెప్పమన్నట్టు నావైపే చూసింది. మళ్లీ చెప్పాను. మల్లేశ్ తన కుడిచేతిని తిరగేసి చూసుకున్నాడు.

సుబ్బారెడ్డి గారు ఒకసారి ఆకాశం చూశారు. తర్వాత షెడ్డు వైపు తిరిగి, "రేయ్, ఆ నీలం టార్పాలిన్ తీసుకరాండి. పెద్దది. రెండు పరచండి, ఒకటి కింద, ఒకటి పైన. పైనుంచి ఎవడన్నా ఫోటో తీస్తే నీలంగా కనపడతాది, అంతే," అన్నారు. నావైపు చూడకుండానే, "కోర్టు నీదేలేమ్మా, గెలిచినావు," అన్నారు. నేను గెలవలేదని, ఆయన్ను కదిలించినది అనిత మాట అని ఆయనకూ తెలుసు.

ఆ తర్వాత జరిగిన పని చాలా సాదాగా జరిగింది. మంచి సర్వీస్ పని చూడటానికి విసుగ్గా ఉంటుంది, అలాగే ఉండాలి కూడా. ఇలాంటి మెషిన్ వాడేవారికి పనికొస్తుందని వరుసగా చెబుతాను.

ముందు చైన్ కవరు మళ్లీ బిగించి, అందరినీ దూరంగా నిలబెట్టి, స్ప్రెడర్ చేతనే దాని లోడును టార్పాలిన్ మీద పోయించాం. తర్వాత బండిని చదునైన చోట నిలిపి, బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టాం. పెట్టె వెనుక తలుపులా ఉండే గేటును పూర్తిగా కిందికి దించాం. ఆయిల్ బలంతో పైకి లేచి ఉన్న ఏ భాగం కిందా మనిషి ఉండకూడదు. ఇంజన్ ఆపి, లివర్లను అటూఇటూ చాలాసార్లు కదిపాం. పైపుల్లో చిక్కుకున్న ఒత్తిడి ఆ కదలికతో ట్యాంకులోకి వెళ్లిపోతుంది. చివరకు లివర్‌ను ఫ్లోట్‌లో పెట్టాం. ఫ్లోట్ అంటే ఆయిల్ ఏ అడ్డూ లేకుండా అటూఇటూ పారే స్థానం. అప్పుడు మోటారు చేతికి లొంగుతుంది.

ఇంజన్ తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న చోట ఆగాం. మామూలుగా అది ట్రాక్టర్‌కే ఉంటుంది, లేదా సూపర్‌వైజర్ జేబులో ఉంటుంది. ఎవరి చెయ్యి చైన్ దగ్గరకు వెళుతుందో వారి దగ్గరే తాళం ఉండాలన్నది మా పనిలో మొదటి సూత్రం. మల్లేశ్ చుట్టూ చూసి, క్యాంపస్‌లో అందరి మెడలోనూ వేలాడే ఐడీ కార్డు తాడునే తన చొక్కాలోంచి పైకి తీసి, దాని కొక్కేనికి తాళం తగిలించుకున్నాడు.

"ఇగ నేను బతికుండంగ ఎవ్వడు స్టార్ట్ జేస్తడో సూస్త," అన్నాడు.

"బతికుండేదానికే గదరా ఇదంతా," అన్నారు సుబ్బారెడ్డి గారు.

కవరు విప్పాం. ఖాళీ నేల షాఫ్టుకు పొడుగాటి స్పానర్ పెట్టి మల్లేశ్ తిప్పితే చైన్ కదిలింది. నలుగురు పట్టినా తిరగదన్నది ఒక్క చేతికి తిరిగింది. ప్రతి కదలిక తర్వాత స్పానర్ వదిలేసి, రెండు స్ప్రాకెట్ల నడుమ చైన్‌ను వేలితో నొక్కి ఎంత దిగుతుందో చూశాం. తిప్పేటప్పుడు ముట్టుకోలేదు, ముట్టుకునేటప్పుడు తిప్పలేదు. చైన్ ఒక చుట్టు పూర్తయ్యేలోపు టైట్ స్పాట్ దొరికింది. అక్కడ చైన్ కర్రలా బిగుసుకుని ఉంది. దానికి ఎదురువైపు మాత్రం హాయిగా వేలాడుతోంది. ఇన్నాళ్లూ మల్లేశ్ బిగించినది ఆ వేలాడేచోట చూసి. లోడు మీద ఉన్నప్పుడు ఒక్కొక్క పన్నూ జరిపి చూసే చైన్‌లో టైట్ స్పాట్‌ను కనిపెట్టడం అతనికే కాదు, నాకూ సాధ్యం కాదు. బిగువంతా ఒకవైపు, వదులంతా ఇంకోవైపు చేరి చైన్ అబద్ధం చెబుతుంది. అంటే ప్రాణం మీదకు తెచ్చుకుని చేసిన పద్ధతి, దేనికోసం చేశారో ఆ పనికి కూడా పనికిరాలేదు. చైన్లు వరుసగా తెగడానికి అదే కారణం.

మోటారు కూర్చున్న ప్లేటు బోల్టులను వదులు చేసి, అడ్జస్టర్ బోల్టును కొద్దికొద్దిగా తిప్పుతూ, టైట్ స్పాట్ దగ్గర మాన్యువల్ చెప్పినంత వదులు ఉండేలా చైన్‌ను సర్దాం. రెండు స్ప్రాకెట్లూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో స్టీలు స్కేలు ఆనించి చూశాం. వరుస తప్పితే టెన్షన్ ఎంత సరిగ్గా ఉన్నా చైన్ పక్కకు అరుగుతుంది. బోల్టులు బిగించాం. బిగించిన తర్వాత మళ్లీ ఒక చుట్టు తిప్పి చూశాం. బిగించేటప్పుడు ప్లేటు జరిగి కొలత మారడం మామూలే. కవరు పెట్టాం. ఆ తర్వాతే మల్లేశ్ మెడలోని తాళం తీశాడు.

పెద్ద స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉన్నాయని, దాన్ని మార్చేదాకా ఎంత మంచి చైన్ వేసినా తొందరగా అరుగుతుందని సుబ్బారెడ్డి గారికి చెప్పాను. తెప్పించమన్నారు. ఆ రోజు స్ప్రెడర్ ముందు లాన్ మీదకు వెళ్లేసరికి చినుకులు మొదలయ్యాయి. సగం లాన్‌కే ఎరువు పడింది. మిగతా సగం వాన వెలిశాక చల్లారు. దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పచ్చిక ఒకవైపు కొన్నాళ్లు కాస్త ముదురుగా కనిపించి ఉంటుంది, అంతే.

ఆ కేసు తర్వాత నా పనిలో ఒక ప్రశ్న స్థానం మారింది. అంతకుముందు సైట్‌కు వెళ్లగానే "చెయ్యి పెట్టేది ఎవరు?" అని అడిగేదాన్ని. ఇప్పుడు "లివర్ దగ్గర ఎవరుంటారు?" అని ముందు అడుగుతాను. భద్రత గురించి మాట్లాడేటప్పుడు మనం దెబ్బ తగిలే చెయ్యి గురించే మాట్లాడతాం. దెబ్బ తగలకుండా చూడాల్సిన భారాన్ని ఒక మనిషి ప్రేమ మీద పెట్టి, అది విశ్వాసమని మెచ్చుకుంటాం. మల్లేశ్ తన భార్యను నమ్మడంలో తప్పు లేదు. ఆ నమ్మకంతో ఆమె చేత మోయించినది ఆమె మోయగలిగినది కాదు. ఏ మనిషీ మోయగలిగినది కాదు. తాళం, దిమ్మలు, ఫ్లోట్‌లో పెట్టిన లివర్, ఖాళీ చేసిన పెట్టె, ఇవన్నీ ఒక చేతిని కాపాడతాయి, నిజమే. వాటివల్ల లివర్ దగ్గర మనిషి అవసరమే లేకుండా పోతుంది. ఈ రెండో ఫలితం గురించి ఏ మాన్యువల్లోనూ నేను చదవలేదు.

దీపావళి తర్వాత మామూలు సర్వీస్ కోసం మళ్లీ ఆ క్యాంపస్‌కు వెళ్లాను. కొత్త స్ప్రాకెట్ ఎలా నడుస్తోందో చూడాలి. యార్డుకు వెళ్లే దారిలో, ముందు గేటు పక్కన అనిత బంతి నారు నాటుతోంది. పక్కనే కూర్చున్న ఆవిడతో ఎవరి ఇంట్లోనో జరిగిన పెళ్లి గురించి మాట్లాడుతూ గట్టిగా నవ్వుతోంది.

"మల్లేశ్ గారు ఉన్నారా?" అని అడిగాను.

"ఏమో మేడం," అంది, చేతిలోని నారు కిందపెట్టకుండానే. "పొద్దుగాల చైనో ఏదో సూస్తనన్నడు. సూస్తుండో, అయిపోయిందో. నాకేం ఎర్క?"

అని మళ్లీ పెళ్లి ముచ్చటలో పడింది.